పదకొండూ నలభైకి ఎత్తిన ఫోన్

బుధవారం. ఉదయం 8:10.

గుమ్మం పక్కన ఒక జత చెప్పులున్నాయి. ఆడమనిషివి. ఎడమ చెప్పు వారు తెగితే సేఫ్టీ పిన్ను పెట్టి ఉంది.

"ఇవి ఆమెవేనా?"

"ఆమెవే సార్. ఇంకో జత లేదు," అన్నాడు మాదేశ్.

స్పెషల్ సబ్ ఇన్‌స్పెక్టర్ అంజప్ప వంగి చూశాడు. పిన్నుకు తుప్పు పట్టలేదు. లేచి నోట్‌బుక్ తీశాడు.

తప్పిపోయిన మనిషి పేరు సరసు. వయసు ముప్పై ఒకటి. మాదేశ్ భార్య. నిన్న, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండున్నర తర్వాత ఆమెను చూసినవాళ్ళు లేరు. ఇరవై గంటలు కావస్తోంది.

పాపిరెడ్డిపట్టికి నాలుగు కిలోమీటర్లలో, చిత్తేరి కొండల కింద ఉంటుంది ఆ కాలనీ. ఇరవై ఆరు ఇళ్ళు. అందరూ కట్టడం పనికి పోయేవాళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అంజప్ప ఇంట్లోనూ అంతే. అందుకే ఇన్‌స్పెక్టర్ ఈ కేసు అతనికి అప్పజెప్పాడు.

"నువ్వు నిన్న యాడ ఉన్నావు?"

"హోసూరులో సార్. సెంట్రింగు పని. పదైదు దినాలకొకసారి వస్తాను. సాయంత్రం ఐదుకు అమ్మ ఫోను చేసింది. బస్సు పట్టుకొని వచ్చేసరికి రాత్రి పది."

"ఇంట్లోంచి ఏం పోయింది?"

"ఏమీ పోలేదు. చీరలన్నీ ఉండాయి. డబ్బుల డబ్బా కూడా ముట్టలేదు." మాదేశ్ కిటికీవైపు చూశాడు. "కిటికీలో నా పాత తాపీ ఉండేది. అది లేదు."

"తాపీ ఎవరికి కావాలిలే సార్, యాడో పడి ఉంటాది," అంది లోపల్నుంచి వచ్చిన పాపక్క. మాదేశ్ తల్లి. అరవైకి దగ్గర. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

అంజప్ప తాపీ అని రాసుకున్నాడు.

"అక్కా, స్టేట్‌మెంట్ రాయాలి. పేరు?"

"పాపక్క."

"మీ ఆయన పేరు?"

పాపక్క కొంగు సర్దుకుంది. వెనక్కి తిరిగింది. "ఇళవరసీ, చెప్పవే."

"మాదప్పన్," అంది తలుపు చాటున నిలబడిన అమ్మాయి. మాదేశ్ చెల్లెలు. ఇరవై నాలుగేళ్ళు. కొత్త గాజులు వేసుకుంది.

"ఆయన చనిపోయి ఎన్నేళ్ళు?"

"తొమ్మిది," అంది పాపక్క.

"తొమ్మిదేండ్లయినా నోటికి రాదా అక్కా?"

"ఎట్ల వస్తాది? ఉన్నప్పుడే పిలవలేదు. ఇప్పుడు పిలిస్తే పలుకుతాడా?"

గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్ వరదరాజన్ నవ్వు ఆపుకున్నాడు. అంజప్ప నవ్వలేదు.

"నిన్న సరసు ఏమని చెప్పి పోయింది?"

పాపక్క కూతురివైపు చూసింది. ఇళవరసి జవాబు చెప్పింది.

"మొరప్పూరుకు పోయినాది సార్. వాళ్ళన్న ఇంటికి."

"నీతో చెప్పిందా?"

"చెప్పినాది."

"ఎన్ని గంటలకు?"

"పన్నెండున్నరకు."

"చెప్పుల్లేకుండా మొరప్పూరుకు పోయిందా?"

ఇళవరసి గాజులు సవరించుకుంది. "తల సరిగ్గా లేదు సార్ ఆమెకు. ఎనిమిది నెల్లుగా అట్లనే."

"ఎనిమిది నెలల కింద ఏం జరిగింది?"

జవాబు మాదేశ్ చెప్పాడు, నేల చూస్తూ. "కాన్పయింది సార్. ఆడబిడ్డ. ఊపిరి లేకుండా పుట్టినాది."

ఆ ఇంటికి ఫోన్ ఒక్కటే. ఇళవరసి దగ్గరుంటుంది. అంజప్ప కాల్ లిస్టు చూశాడు. మంగళవారం 11:02కి ఒక టోల్‌ఫ్రీ నంబరుకు కాల్ వెళ్ళింది. పంతొమ్మిది నిమిషాలు. 11:40కి ధర్మపురి నుంచి ఒక కాల్ వచ్చింది. నాలుగు నిమిషాలు.

"ఇదేం నంబరు?"

"ఆమె ఎవరితోనో మాట్లాడింది సార్. నాకు తెలీదు," అంది ఇళవరసి.

అంజప్ప ఆ రెండో నంబరుకు ఫోన్ చేశాడు. ఒక ఆడగొంతు ఎత్తింది.

"మనత్తుణై. నా పేరు తెన్మొళి. చెప్పండి."

*

మనత్తుణై ఒక ట్రస్టు నడిపే ఫోన్ లైను. రేషన్ షాపుల గోడల మీద పోస్టర్లున్నాయి. మనసు బాగాలేనివాళ్ళు ఫోన్ చేస్తే ముందు ఏఐ మాట్లాడుతుంది. మెషీన్ అని మొదటే చెబుతుంది. వింటుంది, అడుగుతుంది. ప్రమాదం ఉందనుకుంటే కౌన్సెలర్‌కు అలర్ట్ పంపుతుంది. అరగంటలోపు కౌన్సెలర్ తిరిగి ఫోన్ చేయాలి. మూడు తాలూకాలకు తెన్మొళి ఒక్కతే కౌన్సెలర్.

"ఆమె బాగానే ఉంది సార్," అంది తెన్మొళి ఫోన్‌లో. "అలర్ట్ వచ్చిన పంతొమ్మిది నిమిషాలకే నేను మాట్లాడాను. నిద్ర పట్టింది, భయం లేదు, అన్న దగ్గరికి మొరప్పూర్ పోతున్నాను అంది. కేసు క్లోజ్ చేశాను."

రెండు నోళ్ళు మొరప్పూర్ అన్నాయి. అంజప్ప జీపు పంపాడు.

9:45కి వరదరాజన్ ఫోన్ చేశాడు. అన్న ఇంటికి ఆమె రాలేదు. మొరప్పూర్ రైల్వే స్టేషన్లో నిన్నటి సీసీటీవీ చూశారు. లేదు. రెండు టౌన్ బస్సుల కండక్టర్లను అడిగారు. చెప్పుల్లేని ఆడమనిషి ఎక్కలేదు.

"ఇంకా వెతకమంటారా సార్?"

"ఆగు," అన్నాడు అంజప్ప.

*

10:30. పాపిరెడ్డిపట్టి స్టేషన్.

తెన్మొళి ధర్మపురి నుంచి బస్సులో వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. లాప్‌టాప్ బ్యాగును ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

"నా తప్పేమైనా ఉందా సార్?"

"చూద్దాం. మొదటి కాల్ చూపించమ్మా."

ఆమె స్క్రీన్ తిప్పింది. మెషీన్ అడిగిన ప్రశ్నలు ఒకవైపు, సరసు జవాబులు ఒకవైపు. అన్నీ తమిళంలో.

పేరు? సరసు. వయసు? ముప్పై ఒకటి. ఊరు? చెప్పింది. భర్త పేరు? సమాధానం లేదు. భర్త పేరు? సమాధానం లేదు. భర్త పేరు దయచేసి చెప్పండి? సమాధానం లేదు.

"మూడుసార్లు ఎందుకు అడిగింది?"

"ఆస్పత్రి ఓపీ చీటీకి కావాలి సార్. అక్కడ నెట్‌వర్క్ పోయినట్టుంది."

"మిగతావి బాగానే వినిపించాయి కదా."

తెన్మొళి స్క్రీన్ కిందికి జరిపింది.

కింద ఏడు నిమిషాల భాగం దాదాపు ఖాళీగా ఉంది. వరసగా ఒకే మాట. అస్పష్టం. అస్పష్టం. అస్పష్టం. చివర మెషీన్ రాసిన సారాంశం. నిద్ర లేదు. ఎడతెగని ఏడుపు. బిడ్డను పోగొట్టుకుంది. ప్రమాదం: అధికం.

"ఈ అస్పష్టం ఏంటమ్మా?"

"మెషీన్‌కు అర్థం కాలేదు సార్. ఏడుస్తూ మాట్లాడితే అట్లా వస్తుంది. అయినా గొంతును బట్టి ప్రమాదమని పట్టుకుంది. అలర్ట్ సరిగ్గానే పంపింది."

"నువ్వు ఆ ఏడు నిమిషాలు విన్నావా?"

"సారాంశం చదివాను. నిన్న పొద్దున అది నాకు పదకొండో అలర్ట్ సార్."

"సరే. నువ్వు చేసిన కాల్ వినిపించు."

రికార్డింగ్ మొదలైంది. తెన్మొళి గొంతు. సరసుగారేనా? అవును. వయసు? ముప్పై ఒకటి. భర్త పేరు? మాదేశ్. ఇప్పుడెలా ఉంది? బాగున్నాను మేడమ్, ఊరికే ఏదో బాధలో చేశాను, మళ్ళీ చేయొద్దు, నేను మొరప్పూర్ పోతున్నాను.

అంజప్ప చెయ్యెత్తాడు. "వెనక్కి పెట్టు. భర్త పేరు దగ్గర."

భర్త పేరు? మాదేశ్.

"ఇంకోసారి."

భర్త పేరు? మాదేశ్.

అంజప్ప గోడ గడియారం చూశాడు. 10:52.

"పేరు, వయసు, భర్త పేరు, మూడూ సరిపోయాయి సార్," అంది తెన్మొళి. "నేను చెక్ చేసే మాట్లాడాను."

"ఆ మూడోదే సరిపోలేదమ్మా," అన్నాడు అంజప్ప. "ఇప్పుడు ఆ ఏడు నిమిషాలు పెట్టు."

అది అస్పష్టంగా లేదు. ప్రతి మాటా స్పష్టంగా ఉంది. ఏడుపు ముంచుకొచ్చినప్పుడు సరసు తమిళం వదిలేసి ఇంటి మాటలోకి వచ్చేసింది. మెషీన్‌కు తమిళం ఒక్కటే తెలుసు. తెన్మొళికీ అంతే.

అంజప్ప చివరిదాకా విన్నాడు. నోట్‌బుక్‌లో ఏమీ రాయలేదు. టోపీ తీసుకుని లేచాడు.

"ఏమంది సార్?" అంది తెన్మొళి.

"జీపెక్కు."

*

11:35. పాపక్క ఇల్లు.

వీధి కొళాయికి అప్పుడే నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలతో వరసలో ఉన్నారు. పోలీసు జీపును చూసి మాటలు ఆపేశారు.

ముందు గదిలో పాపక్క, ఇళవరసి, మాదేశ్. తెన్మొళి లాప్‌టాప్‌తో నేలమీద కూర్చుంది. ఆమె కోసం మాటలన్నీ తమిళంలోనే. వరదరాజన్ తలుపు దగ్గర.

"మాదేశ్, నీ భార్య నిన్ను ఏమని పిలుస్తుంది?"

"ఏమనీ పిలవదు సార్. 'ఇదో' అంటాది."

"పేరు?"

"అబ్బే. రేషన్ అంగడిలో అడిగితే కార్డు చూపిస్తాది. ఆస్పత్రిలో కాన్పప్పుడు నర్సమ్మ తిట్టినా చెప్పలేదు. పక్క మంచం ఆమె చెప్పింది."

"ఈ కాలంలో కూడానా?" అంది తెన్మొళి. "మా ఊళ్ళో ఇప్పుడెవరూ…"

"మీ ఊరు వేరే. మా ఇంటిది ముప్పై ఒక్క ఏండ్లుగా నన్ను పోలీసు అంటుంది," అన్నాడు అంజప్ప. "నిన్న మెషీన్ సరసును మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చెప్పలేదు. అది నెట్‌వర్క్ కాదు. నలభై నిమిషాలు కాకముందే నువ్వు అడిగితే టక్కున చెప్పింది. అంటే నీతో మాట్లాడింది ఆమె కాదు."

అంజప్ప ఇంట్లోవాళ్ళవైపు తిరిగాడు.

"ఈ ఇంట్లో మాదేశ్ పేరు నోటితో చెప్పగలిగే ఆడవాళ్ళు ఇద్దరు. కన్నతల్లి, చెల్లెలు. తల్లి గొంతు ముప్పై ఏండ్ల గొంతు కాదు."

"అన్నా…" అంది ఇళవరసి.

"సార్ అడుగుతుండాడు. సార్‌కు చెప్పు," అన్నాడు మాదేశ్.

"నీళ్ళు వచ్చినాయి సార్. పదకొండున్నరకు వస్తాయి. అమ్మ వదినను బిందెలిచ్చి పంపింది. ఫోను మోగింది. నేనే ఎత్తినాను."

"సరసు అని ఎందుకు చెప్పావు?"

"వాళ్ళు ఇంటికి వస్తారేమో అని. ఆస్పత్రి బండి వస్తాది, వీధంతా చూస్తాది. ఆదివారం నాకు పెండ్లి నిచ్చయం సార్. ఈ ఇంట్లో పిచ్చిది ఉంది అని తెలిస్తే మగపెండ్లివాళ్ళు వస్తారా? ఇంతకు ముందు ఒక సంబంధం అట్లనే పోయింది."

"వదిన తిరిగొచ్చాక?"

"బిందె దించకముందే అడిగింది. ఫోనులో ఎవరైనా పిలిచినారా అని."

"నువ్వేమన్నావు?"

"ఎవరూ పిలవలేదన్నాను."

"తర్వాత?"

"ఫోను పక్కన కూచ్చుంది. అన్నం తినమన్నా తినలేదు. పన్నెండున్నరదాకా చూసింది. లేచిపోయింది. మొరప్పూరుకు పోతానని నాతో చెప్పలేదు సార్. అదీ నేనే కల్పించినాను."

తెన్మొళి లాప్‌టాప్ మూసింది.

పాపక్క కూతుర్ని కొట్టడానికి చెయ్యెత్తి, మధ్యలోనే దించేసింది. "నేను కూడా మొరప్పూరే అనుకున్నాను సార్. కడుపున పుట్టింది చెబితే నమ్మనా?"

"అక్కా, బిడ్డను ఎక్కడ పూడ్చారు?"

పాపక్క తలెత్తింది. "అది మగవాళ్ళ పని. మాకు చెప్పరు."

"నీకు తెలుసా అని అడగలేదు. సరసుకు తెలుసా?"

"తల్లికి చెప్పకూడదు సార్. చెబితే పోయి కూచ్చుంటాది. మళ్ళీ కడుపు నిలవదు. మా అత్త నాకూ చెప్పలేదు. నాకు ఇద్దరు పోయినారు. యాడ ఉండారో ఈ పొద్దుకీ తెలీదు. నేను బతకలేదా?"

అంజప్ప తెన్మొళివైపు తిరిగాడు. ఆ రికార్డింగులోని మాటలు తమిళంలో చెప్పాడు.

"మీ మెషీన్ అస్పష్టం అని రాసిన దాంట్లో ఆమె చెప్పింది ఇదే. 'పాపను ఏటి గట్టున యాడో పెట్టినారంట. ఎనిమిది నెలలుగా అడుగుతున్నాను, ఎవరూ చెప్పరు. మీరైనా మా అత్తకు చెప్పి అడిగించండి. మీరు కూడా చెప్పకపోతే నేనే పోయి తవ్వి చూసుకుంటాను.'"

"తాపీ," అన్నాడు మాదేశ్.

"అవును. తాపీ."

*

12:20. జీపు ఏటి దారి పట్టింది. దారి సగంలో ఆగిపోయింది. అక్కణ్ణుంచి నడక. మాదేశ్ ముందు, అంజప్ప వెనక.

"ఎక్కడ పెట్టావో గుర్తుందా?"

"ఉంది సార్. నేనొక్కణ్ణే వచ్చినాను. కానుగ చెట్టుకు పది అడుగులు. మూడు రాళ్ళు పెట్టినాను."

"చూపించు."

మాదేశ్ ఆగాడు. కానీ చూపించలేదు.

"ఐప్పసి నెల వానకు ఏరు పొంగింది సార్. గట్టు తెగిపోయింది. చెట్టు కూడా పోయింది. నెమ్మదైనాక వచ్చి చూసినాను. ఇసుకే ఉండాది."

"ఆమెకు చెప్పావా?"

"ఉండాది అంటేనే పోతానంటాది. లేదంటే ఏమైపోతాదో అని…"

అంజప్ప నడిచాడు.

వెనక వరదరాజన్ గొంతు తగ్గించి అడిగాడు. "ఆ ఇళవరసి మీద ఏ సెక్షన్ పెడతాం సార్?"

"నువ్వే చెప్పు."

వరదరాజన్ ఆలోచించాడు. ఏదీ దొరకలేదు.

తెన్మొళి నడుస్తూనే జిల్లా ఆస్పత్రికి ఫోన్ చేసింది. మనసు డాక్టర్ లీవులో ఉన్నాడు. వచ్చే వారం చివర్లో రమ్మన్నారు. ఈలోపు ఎవరు చూస్తారని అడిగింది. మీ లైను ఉంది కదమ్మా అన్నారు.

1:10కి మొదటి గుంట కనిపించింది. మోచేతి లోతు. పక్కనే ఇంకొకటి. తర్వాత గట్టు వెంబడి వరసగా. వరదరాజన్ నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాడు. కొన్ని గుంటలు తాపీతో తవ్వినవి. తర్వాతవి చేత్తో తవ్వినవి. తాపీ పిడి ఊడి ఒక రాయి పక్కన పడి ఉంది.

సరసు ఏటి మలుపులో ఉంది. మోకాళ్ళ మీద. ప్రాణంతో ఉంది. చీర నడుందాకా మట్టి. వేళ్ళ చివర్లు చిట్లి నల్లగా గడ్డకట్టాయి. వీళ్ళ అడుగుల చప్పుడు విని కూడా తవ్వడం ఆపలేదు.

తెన్మొళి ముందుకు పోయి పక్కన కూర్చుంది.

"అక్కా. నేను తెన్మొళి. మనత్తుణై నుంచి."

సరసు చేతులు ఆగాయి. "ఆ మెషీన్ చెప్పిన మనిషివా?"

"అవునక్కా."

"పిలుస్తావని చెప్పింది. అరగంటలో అంది."

"పిలిచాను అక్కా. నిజంగా పిలిచాను. ఫోన్ వేరేవాళ్ళు…"

"పిలవలేదు," అంది సరసు. కోపం లేదు గొంతులో. "నేను పక్కనే కూచ్చున్నాను కదా. మోగలేదు."

తెన్మొళి వాటర్ బాటిల్ మూత తీసి అందించింది. సరసు తీసుకోలేదు.

మాదేశ్ పది అడుగుల దూరంలో నిలబడిపోయాడు. సరసు అతన్ని చూసింది.

"ఇదో. యాడ?"

మాదేశ్ అంజప్పవైపు చూశాడు. అంజప్ప ఏటివైపు చూశాడు. పొద్దున్నుంచి అతను ఒక్కొక్కరి నోట్లోంచి నిజం లాగుతూ వచ్చాడు. ఇప్పుడు మాత్రం ఏమీ అడగలేదు.

"ఇదో. నిన్నే అడుగుతాండాను. ఒక్కతూరి చూపించు. నేను ఏడవను. చూసి లేచి వస్తాను."

ఏటిలో నీళ్ళు లేవు. తెల్లటి ఇసుక, మధ్యలో బండ. మాదేశ్ చెయ్యి పైకి లేచింది. బండ పక్కన ఇసుక తిన్నెను చూపించాడు.

"ఆడ," అన్నాడు. "ఆ బండ పక్కన. మూడు రాళ్ళు పెట్టినాను."

సరసు అటు చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నిన్న మొదట తవ్వింది ఆడనే," అంది. "లేదు."

మళ్ళీ ముందున్న గుంటలోకి వంగి ఇసుక తోడడం మొదలుపెట్టింది.

చాచిన చెయ్యిని మాదేశ్ దించలేదు.